ఎడమపక్క మర్యాద

జూన్ 4

సూదీదారాల సామ్రాజ్యానికి ఏకైక చక్రవర్తిని, కత్తెరధారిణి, మా నాన్నకు అక్క, నాకు మేనత్త అయిన నీ సముఖానికి నీ మేనకోడలు వంగి వంగి రాసుకునే విన్నపం.

ముందు ఫిర్యాదు. వచ్చినప్పట్నించీ నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తవు. ఎత్తినా "ఆఁ ఆఁ, సరే సరే, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. మొన్న నేను "అత్తా, ఇక్కడ జూన్ అంటే చలికాలం, ముక్కు ఊడిపోతోంది" అంటే నువ్వు "చాలా సంతోషం" అన్నావు. నా ముక్కు మీద నీకింత పగ ఎప్పట్నించి?

ఉద్యోగంలో చేరాను. మన భాష నేర్పడం పని. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా మాట విన్నవాడు లేడు, ఇక్కడ జనం డబ్బు కట్టి మరీ వింటున్నారు. లోకం గొడ్డుపోలేదు. ఉన్నది గుప్పెడు మంది. అందులో ముగ్గురే నోరు విప్పుతారు. ఒకావిడ పెద్దాసుపత్రి నర్సు. మనవాళ్ళెవరైనా మంచమెక్కి "అబ్బా" అంటే అది నొప్పా, విసుగా అన్నది తేల్చుకోవాలట. రెండోవాడు మన పిల్లని చేసుకోబోతున్న కాబోయే అల్లుడు. అత్తగారు తనని పొగుడుతోందో తిడుతోందో తెలియక చిక్కిపోతున్నాడు. మూడో ఆయన పియానోలు శ్రుతి చేసే పెద్దమనిషి. ఎందుకొచ్చారండీ అంటే "మీ భాష చెవికి బాగుంటుంది" అన్నాడు. ఆయన ఇంకా మా నాన్న గొంతు వినలేదు.

ఇక పాఠ్యపుస్తకం. మొదటి పాఠం యథాతథంగా రాస్తున్నాను, కూర్చుని చదువు: "నమస్కారము. తమరు కుశలమా? నేను కుశలము. తమ గొడుగు మిక్కిలి చక్కగా ఉన్నది." అత్తా, నా పుట్టుక లగాయతు నా గొడుగుని ఎవరూ పొగడలేదు. మన దగ్గర గొడుగు నచ్చితే పొగడరు, పట్టుకుపోతారు.

నవ్వకు. అసలు సంగతి ఇక్కడుంది. మా డీన్ మేడమ్ ఇస్త్రీ మడతలా ఉంటుంది. మొదటి రోజే కుండ బద్దలుకొట్టేసింది. "సెప్టెంబరు ఆఖర్లో వచ్చి మీ క్లాసులో కూర్చుంటాను. వీళ్ళకి మాటలొస్తే చాలదు. ఆ మాటలాడే మనుషులు ఎలా మసులుతారో తెలిసి ఉండాలి. తెలియలేదనుకోండి, ఈ క్లాసు ఎత్తేసి గది కుండలు చేసేవాళ్ళకి ఇచ్చేస్తాం." బద్దలైందీ కుండే, గది కోసం కాచుకున్నదీ కుండే. ఆ కుండలవాళ్ళు ఇప్పట్నించే తలుపు అద్దంలోంచి తొంగిచూసి చక్రం ఎక్కడ పెట్టాలో మాట్లాడుకుంటున్నారు. క్లాసు పోతే నా ఉద్యోగమూ పోతుంది. అప్పుడు నీ షాపుకొచ్చి కాజాలు కుట్టాలి. నా పనితనం నీకు తెలుసు, కాజా ఒక ఊళ్ళో, గుండీ ఒక ఊళ్ళో.

అందుకని ఒక సాయం. నీ షాపుని వీడియో తీసి పంపు. మనుషులు వచ్చేది, పోయేది, మాట్లాడేది. గొడుగు తప్ప ఏదైనా సరే.

నీ తోకలేని పిట్ట

జూన్ 15

పిట్టకి ఆశీస్సులు.

కత్తెరధారిణి ఏమిటే, సంత రోజు జేబులు కత్తిరించేదాన్లా. ఇంకోసారి అలా రాశావంటే కవరు విప్పకుండా తిప్పి పంపుతాను.

ఫోను సంగతి మళ్ళీ ఎత్తకు. షాపులో మిషన్ల మోత. పైగా ఈ మధ్య ఎవరికీ నోరు తెరిచి మాట్లాడ్డం చేతకావట్లేదు, అందరిదీ గొణుగుడే. మీ నాన్నా అంతే. రేడియో కూడా గొణుగుతోంది, కొత్తది కొనాలి. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకోవచ్చు. తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుందని మా అమ్మ పొడుపుకథ వేసేది, విప్పితే ఉత్తరం. నిన్ను పిట్టా అని పిలిచింది అందుకే. ఇప్పుడు నిజంగానే అంతదూరం పోయావు కాబట్టి ఉత్తరాలే రాయి.

వీడియో తీయించాను, కాజాల అక్క తన ఫోన్లోంచి పంపుతుంది. పరదేశం వాళ్ళు చూస్తారన్నావని షాపంతా కడిగించాను. నూలు పోగు కూడా లేకుండా ఊడ్పించాను. కటింగ్ మాస్టరు పెళ్ళికి కుట్టుకున్న కోటు వేసుకున్నాడు. గుండీ పట్టలేదు, పట్టేట్టు నిలబడ్డాడు. బ్యాంకు మేడమ్‌ని బతిమాలి కస్టమరుగా నటించమన్నాను. అందరికీ మాటలు నేనే రాసిచ్చి, వార్తలు చదివేవాళ్ళలాగా పలకమని గట్టిగా చెప్పాను. ముఖ్యంగా ఎవరూ గొణగొద్దన్నాను.

నీ ఉద్యోగం నిలబెట్టే పూచీ నాది. తిండి వేళకి తిను.

నీ అత్త

జూన్ 27

అత్తా,

నీ చలనచిత్రం చేరింది. మొదటి ఆట క్లాసులో వేశాను. ఎలా ఉందో చెప్పే ముందు నువ్వు నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్నావనీ, ఆ చేతులతోనే కొట్టవనీ నమ్ముతున్నాను.

బ్యాంకు మేడమ్ లోపలికొచ్చి "శుభోదయము. నా గౌను సిద్ధమైనదా?" అంది. కటింగ్ మాస్టరు కోటులో ఊపిరి బిగబట్టి "విచ్చేయండి. ఆసీనులు కండి. కించిత్ ఆలస్యమైనది, మన్నించండి" అన్నాడు. ఆయన! లాగు బిగుతైందన్న పెద్దమనిషితో "లాగు సరిగ్గానే ఉంది, లోపలున్నది తగ్గించుకోండి" అన్న మనిషి! వీడియో ఆపాక కాబోయే అల్లుడు చెయ్యెత్తి "ఈయన మీ రాజుగారా?" అని అడిగాడు. నర్సమ్మ "వీళ్ళందరికీ వెన్నునొప్పా?" అంది. పియానో పెద్దాయన మాత్రం మర్యాదగా "గొడుగు ఎప్పుడు వస్తుంది?" అన్నాడు.

ఇంకోటి. మాస్టరు ఒకచోట కుదురుగా నిలబడడేం? మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా నీ వెనకనించి పక్కకి జరిగి సగం ఫ్రేములోంచి బయటికి పోతున్నాడు. డైలాగంతా సగం మొహంతోనే చెప్పాడు పాపం.

అత్తా, నాకు కడిగిన షాపు వద్దు. కడగని షాపు కావాలి. ఫోను ఏ మూలో పెట్టి, పెట్టిన సంగతి మర్చిపోండి. మీరు మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి, అరుచుకోండి, విసుక్కోండి, ఎగతాళి చేసుకోండి. ఇక్కడివాళ్ళు చూడాల్సింది అదే.

మన్నింపులు కోరుతూ, కించిత్ భయంతో,
పిట్ట

జూలై 8

ఏమే,

మేం అరుచుకుంటామా? విసుక్కుంటామా? అది చూపిస్తేగానీ నీ దొరలకి మా గురించి తెలియదా? మాసిన గుడ్డ ఎవరైనా గుమ్మానికి ఆరేస్తారా? నీ కోసం మాస్టరు కోటు చంక చిరిగింది. తిరిగి కుట్టుకుంటూ "అమ్మాయికి నచ్చిందా అమ్మా?" అని అడిగాడు. నచ్చిందట అని అబద్ధం చెప్పాను. ఇంకా "రాజుగారిలా ఉన్నావందట" అని చెప్పాను. అది అబద్ధం కాదు కనక సరిపోయింది. అప్పట్నించీ నేల మీద నడవట్లేదు.

వారం రోజులు నీకు జవాబు రాయకూడదనుకున్నాను. తర్వాత ఆ కుండలవాళ్ళు గుర్తొచ్చారు. మా ఇంటి పిల్ల కడుపు మీద కుండ పెట్టడానికి వాళ్ళెవరు?

సరే. గుండీల డబ్బాల వెనక, అద్దం పైన కాజాల అక్క ఫోను పెట్టింది. పొద్దున పెట్టి మధ్యాహ్నం భోజనాలప్పుడు తీసింది. పెట్టిన సంగతి నేను నిజంగానే మర్చిపోయాను. అందులో ఏముందో నేను చూడలేదు, చూడను కూడా. మాస్టర్ని తిట్టిన చోట కత్తిరించు. బ్యాంకు మేడమ్ నడుము కొలత వినపడితే అదీ కత్తిరించు.

కోపం పూర్తిగా పోలేదు. స్వెట్టరు అల్లి పంపుతున్నాను, వేసుకో.

అత్త

జూలై 22

అత్తా! అత్తా! అత్తా!

మూడుసార్లు పిలిచింది ఉత్తరం అందంగా ఉంటుందని కాదు. ఇప్పుడు రాయబోయేది ఎగతాళి లేకుండా రాయాలని ప్రయత్నం. అలవాటు లేని పని. తప్పులుంటే దిద్దుకో.

వీడియో మొదట మాటలు వినపడకుండా వేశాను. ఇది మా వృత్తిలో ఒక పద్ధతి. మాట వినపడితే బుర్ర అర్థం కోసం పరిగెత్తుతుంది, కళ్ళు మూసుకుపోతాయి. నోరు కట్టేస్తే కళ్ళు తెరుచుకుంటాయి. వాళ్ళకి ఒకే పని చెప్పాను. "అందరూ చేసేదీ, ఎవరూ పైకి చెప్పనిదీ ఒకటి పట్టుకోండి."

తెర మీద నీ షాపు వచ్చింది. కడగని షాపు. నీ మెళ్ళో టేపు, నోట్లో గుండుసూదులు. చెక్కబల్ల మీద గుడ్డ పరుచుకుంటుంటే అది ఊపిరి తీసుకున్నట్టు లేచి పడింది. నువ్వు సుద్దతో ఒక్క గీత గీశావు, స్కేలు లేకుండా. నర్సమ్మ "హా" అంది. నేను పుట్టినప్పట్నించీ చూస్తున్న షాపు, అత్తా. ఒక్కసారీ "హా" అనలేదు. ఆ పూట వాళ్ళ వెనక నిలబడి నేనూ అన్నాను. క్లాసులో ఎవరూ కాలు కూడా కదపలేదు. తలుపు అద్దంలోంచి ఇద్దరు కుండలవాళ్ళు కూడా చూస్తూ నిలబడిపోయారు, తర్వాత తేరుకుని వెళ్ళిపోయారు.

రెండోసారి మాటలతో వేశాను. మాస్టరు బ్యాంకు మేడమ్‌తో "పోయినసారి కంటే పెరిగారు" అంటున్నాడు. ఆవిడ "నేనెక్కడ పెరిగాను మాస్టారూ, నీ టేపు కుంచించుకుపోయింది" అంటోంది. "టేపు ప్లాస్టిక్‌దండీ." "మరి నేను దేంతో చేసినట్టు కనిపిస్తున్నాను?" కాబోయే అల్లుడు హడలిపోయాడు. "వీళ్ళు మళ్ళీ ఎప్పుడు రాజీపడ్డారు?" అన్నాడు. నాయనా, వాళ్ళు పోట్లాడుకోలేదు, పలకరించుకున్నారు అన్నాను. వాళ్ళ అత్తగారి గురించి ఏదో తట్టినట్టుంది, మొహం వెలిగింది. "అయితే ఆవిడ నన్ను తిట్టినప్పుడల్లా..." అని ఆగి, ఆనందంగా ఏదో రాసుకున్నాడు. నీ షాపు ఒక సంసారం నిలబెట్టింది.

ఇప్పుడు హాస్యం వినిపిస్తాను. జవాబు పత్రాలు చూస్తే నేను చెప్పిన ప్రశ్నకి అందరూ ఒకటే రాశారు. కాపీ కొట్టారనుకున్నాను. ఏం రాశారో విను: "వీరి సమాజంలో పెద్దవారితో మాట్లాడదలచినవారు చుట్టూ తిరిగి వారి ఎడమపక్కకు వచ్చి మాట్లాడుదురు. ఇది గౌరవసూచకము." ఎడమపక్క మర్యాదట! కుర్చీలో కూలబడి నవ్వాను. ఎర్రసిరాతో అందరికీ ఇంటూ కొట్టి, "ఇలాంటి ఆచారం ఏదీ లేదు" అని రాశాను. వాళ్ళు ఒప్పుకోరు! పియానో పెద్దాయన వీడియో మళ్ళీ వేయించాడు. మాస్టరు నీ కుడి మోచేతి దగ్గరే ఉన్నాడు. అయినా బల్ల చుట్టూ ప్రదక్షిణ చేసి ఎడమపక్కకి వచ్చి "అమ్మా, లైనింగు గుడ్డ అయిపోయింది" అన్నాడు. కాజాల అక్కా అంతే. బ్యాంకు మేడమ్ కూడా అంతే! ఏమిటత్తా ఇది, నేను లేనప్పుడు షాపులో కొత్త చట్టం చేశావా? వివరణ పంపు, పరీక్షల్లో అడుగుతారట.

డీన్‌కి ఇదే చూపిస్తాను. గది మనదే.

పిట్ట

ఆగస్టు 3

పిట్టకి,

ఆ వీడియో చెరిపెయ్యి. డీన్‌కి చూపించకు. ఎవరికీ చూపించకు.

వేరే ఏదన్నా చూసుకో. మాస్టరు కోటు వేసుకున్నది ఉంది కదా.

అత్త

ఆగస్టు 16

అత్తా,

నీ ఉత్తరం చూసి, మాస్టర్ని తిట్టిన ముక్క కత్తిరించనందుకు కోపం వచ్చిందనుకున్నాను. తర్వాత బ్యాంకు మేడమ్ నడుము సంగతేమో అనుకున్నాను. నీకు ఎనిమిది పేజీల క్షమాపణ పత్రం కూడా రాశాను, చాలా బాగా వచ్చింది. అది పంపలేదు.

చెరిపేముందు ఆఖరిసారి చూద్దామని ఆదివారం పొద్దున క్లాసు గది తెరిపించుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. వాళ్ళకి చెప్పిన పద్ధతే నేనూ పాటించాను, మాట లేకుండా చూశాను. ఒకచోట నీ కుడిపక్క బల్ల మీంచి పెద్ద కత్తెర జారి కిందపడింది. బ్యాంకు మేడమ్ ఉలిక్కిపడింది. మాస్టరు మిషను ఆపాడు. గుమ్మం దగ్గరున్న పిల్లి ఒక్క గెంతు గెంతింది. నువ్వు సుద్దగీత గీస్తూనే ఉన్నావు. గీత వంకర పోలేదు. కాజాల అక్కతో కలిపి వాళ్ళు ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కాజాల అక్క చప్పుడు కాకుండా వచ్చి కత్తెర తీసి, నీ ఎడమపక్క పెట్టి వెళ్ళిపోయింది.

అప్పుడు నవ్వడం ఆపేశాను.

"చాలా సంతోషం" అన్నావు నా ముక్కు గురించి. రేడియో గొణుగుతోందన్నావు. జనం గొణుగుతున్నారన్నావు. ఉత్తరాలే రాయమన్నావు. అత్తా, నీకు కుడివైపు వినపడట్లేదు కదూ?

నువ్వు చెప్పుకోవాలనుకుని ఉంటే చెప్పేదానివి. కానీ నేను చూసింది నీకు చెప్పకుండా చెరపలేను. ఆ షాపుని మళ్ళీ చూశాను. రేడియో ఇదివరకు కుడిపక్క కిటికీలో ఉండేది, ఇప్పుడు ఎడమపక్క అలమరా మీద ఉంది. కస్టమర్ల స్టూలు ఎడమపక్కకి వచ్చింది. నిలువుటద్దం తలుపుకి ఎదురుగా జరిగింది, నీ వెనకనించి ఎవరు వచ్చినా నీకు కనపడేట్టు. మొదటి వీడియో కూడా తీసి చూశాను. మాస్టరు ఫ్రేములోంచి బయటికి పోయేది ఎందుకో తెలిసింది. కోటు వేసుకున్నా, రాజుగారి మాటలు బట్టీపట్టినా, నీతో మాట్లాడాలంటే మాత్రం ఆయనకి ఎడమపక్కే. ఆ నాటకం మొత్తంలో నిజమైన ముక్క అదొక్కటే. దానికే నేను నవ్వాను.

నేను మాట తెలిసినదాన్ని. అందుకే మాటలు విన్నాను, నవ్వుకున్నాను. మాట రాని ఆ గుప్పెడు మందీ మనుషుల్ని చూశారు. ఏ పుస్తకంలోనూ లేని మర్యాద ఒకటి ఆ షాపులో రోజూ నడుస్తోందని వాళ్ళకి మొదటి చూపులోనే తెలిసింది.

ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెరపమన్నావు, నీ మాట కాదనను. నీ చేత్తో 'సరే' అని ఒక్క ముక్క రాస్తే చెరిపేసి డీన్‌కి గొడుగు పాఠం చెబుతాను. కుండలు కూడా మంచివే. మన తాతలు వాటిల్లోనే నీళ్ళు తాగారు.

నీ పిట్ట

ఆగస్టు 29

పిట్టా,

ఏడ్చాను. అది ముందు చెప్పి మిగతాది రాస్తే తేలిగ్గా ఉంటుంది.

నిరుడు జ్వరం వచ్చి తగ్గాక కుడిచెవి పోయింది. ఎడమది కూడా మునుపటంత లేదు. ఎవరికీ చెప్పలేదు. దర్జీకి చెవితో పనేమిటంటావేమో. టేపు చెప్పేది సగమే. "ఇక్కడ కాస్త వదులుగా ఉండాలి, మా అమ్మాయి దూరం పోతోంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో" అని కస్టమరు చెప్పేది మిగతా సగం. చెవిటి దర్జీ అని తెలిస్తే ఎవరు చెప్పుకుంటారు? అందుకే జాగ్రత్తగా దాచాను. చాలా తెలివిగా దాచాననుకున్నాను. స్టూలు వెలుతురు కోసం జరిపారనుకున్నాను. అద్దం గోడకి చెమ్మ వచ్చి జరిపారనుకున్నాను.

నీ ఉత్తరం రాగానే మాస్టర్ని పిలిచాను. "ఏమయ్యా, ఎప్పుడూ ఈ పక్కకే వస్తావేం?" అన్నాను.

"ఈ పక్క ఫ్యాను గాలి బాగుంటుందమ్మా" అన్నాడు. ఫ్యాను ఆ పక్క ఉంది.

కాజాల అక్కని అడిగాను. "ఆ పక్క ఇరుగ్గా ఉంటుందక్కా" అంది. ఆ పక్క నువ్వు తొక్కుడుబిళ్ళ ఆడినంత చోటుంది.

బ్యాంకు మేడమ్ అయితే "అందరూ ఇటు వస్తున్నారని నేనూ వచ్చాను, మా బ్యాంకులో క్యూ అలవాటు" అంది.

వెధవలు! ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా ఎంత బాగా చెప్పారనుకున్నావు. ఎవరు మొదలుపెట్టారో, ఎవరు ఎవరికి చెప్పారో ఎవరూ చెప్పరు. నేను దాస్తున్నాననుకున్నాను. నేను దాస్తున్నానని తమకి తెలుసన్న సంగతి నాకు తెలియకుండా వాళ్ళు దాచారు. ఇందులో నాకంటే పెద్ద దర్జీలు. కుట్టు ఎక్కడా పైకి కనపడలేదు.

వీడియో చెరపకు. చూపించు. కానీ నిజం చెప్పి చూపించు. అది మా ఆచారం కాదు, మా దర్జీకి చెవి పోయింది, అంతే అని చెప్పు. ఒక ముసలిదాని చెవిని తీసుకెళ్ళి నా జాతి మొత్తానికి అంటగట్టకు.

ఇంకోటి. డీన్ వచ్చే రోజు నన్ను కూడా ఆ తెర మీదకి పిలువు. మిషన్లు ఆపిస్తాను. నేను చూడందే ఊరుకోను, నా షాపులో నేను కనిపెట్టలేనిది కనిపెట్టిన ఆ మొహాలు ఎలా ఉంటాయో.

అత్త

సెప్టెంబరు 28

అత్తా,

నీకు కనిపించింది సగమే. తెరకి ఇవతల జరిగింది రాస్తున్నాను.

డీన్ మేడమ్ సరిగ్గా గంట కొట్టగానే వచ్చింది. గోడ పక్కన, తెరకి కుడిచేతివైపు కూర్చుని కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. వీడియో నడిచింది. విద్యార్థులు ఒక్కొక్కరూ లేచి, వచ్చీ రాని మన మాటల్లో తాము చూసింది చెప్పారు. ఆవిడ మొహంలో ఒక్క ముడత కదల్లేదు. నీ చెవి సంగతి వారం ముందే వాళ్ళకి చెప్పాను, నువ్వు చెప్పమన్నట్టే, ఆచారం కాదని కూడా.

తర్వాత తెర మీదకి నువ్వు వచ్చావు. నీ వెనక మిషన్ల ముందు చేతులు కట్టుకుని మాస్టరూ వాళ్ళూ. మాస్టరు కోటు! చంక కుట్టు నిలిచినట్టుంది.

ఏం చెయ్యాలో నేను వాళ్ళకి చెప్పలేదు, ఒట్టు. నీ మొహం కనపడగానే అందరూ కుర్చీల్లోంచి లేచారు. లేచి తెర ఎడమవైపుకి గబగబా జరిగారు. అప్పుడు పియానో పెద్దాయన "ఇది మన ఎడమ! ఆవిడ ఎడమ అటు!" అన్నాడు. నువ్వు ఎదురుగా ఉన్నావు కదా, నీ ఎడమ వాళ్ళకి కుడి. మళ్ళీ అందరూ కాళ్ళు తొక్కుకుంటూ ఇటు పరిగెత్తారు. సగం గది ఖాళీ. మిగతా సగంలో, డీన్ మేడమ్ కుర్చీ చుట్టూ, తేనెతుట్టె. ఆవిడ కాగితాలు నేలపాలు.

"మీరంతా ఇటెందుకొచ్చారు? శబ్దం వచ్చేదీ పోయేదీ ఒకే పెట్టెలోంచి కదా?" అంది డీన్.

నర్సమ్మ అంది, "తెలుసు మేడమ్. కానీ అటు నిలబడి మాట్లాడితే ఆవిడతో మాట్లాడినట్టుండదు."

ఆ తర్వాత కాబోయే అల్లుడు నిన్ను చూసి "అత్తా, బాగున్నారా? మీరు లావయ్యారు!" అన్నాడు. తెర అవతల మాస్టరు పగలబడి నవ్వడం వినపడింది. నువ్వు "నేను లావవలేదు నాయనా, నీ తెర సాగింది" అన్నావు. గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది, అత్తా. అనువాదం లేకుండా, అందరికీ, ఒకేసారి. నా వృత్తిలో అలాంటి క్షణం కోసం జనం రిటైరయ్యేదాకా కాచుకుంటారట.

నీకు కనపడనిది ఇప్పుడు చెబుతాను. కాల్ అయిపోబోతుండగా డీన్ మేడమ్ నిన్ను ఒక ప్రశ్న అడగాలనుకుంది, గీత గీసేటప్పుడు స్కేలు ఎందుకు వాడవని. అప్పటికి ఆవిడ ఆ తేనెతుట్టె పడలేక తన కుర్చీ గదికి అటుపక్కకి లాక్కుని కూర్చుంది. అక్కణ్ణించే అడగొచ్చు. నోరు తెరిచింది. ఆగింది. ఇస్త్రీ మడతలాంటి మనిషి, కుర్చీలోంచి లేచి, బెంచీల వెనకనించి చుట్టూ తిరిగి, ఇవతలికి వచ్చి, నీ ఎడమపక్క నిలబడి, అప్పుడు అడిగింది. ఎవరూ నవ్వలేదు. నాకు నోట మాట రాలేదు. నాకు! నమ్ముతావా?

కుండలవాళ్ళకి కింద అంతస్తులో గది ఇచ్చారు. వాళ్ళు నాకు ఒక కుండ బహుమతిగా పంపారు. వంకరగా ఉంది, బాగుంది.

ఇప్పుడు నువ్వొక మాట వినాలి. ఏ పక్కనించైనా సరే. డాక్టరుకి చూపించుకో.

నోట మాట రాని నీ పిట్ట

అక్టోబరు 20

పిట్టకి ఆశీస్సులు.

చూపించుకున్నాను. చెవికి చిన్న యంత్రం పెట్టారు, శనగగింజంత ఉంది. పెట్టగానే మొదట వినపడింది మాస్టరు గొంతు. ఇన్నాళ్ళూ ఆయన గొణుగుతున్నాడనుకున్నాను. ఎంత గట్టిగా అరుస్తున్నాడే! పాపం, నా కోసం అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మెల్లిగా మాట్లాడవయ్యా అన్నాను. రేడియో కూడా బాగానే ఉంది, కొత్తది కొనక్కర్లేదు. మీ నాన్న మాత్రం నిజంగానే గొణుగుతాడు. అది వాడి పుట్టుక.

ఇప్పుడు రెండు పక్కలా వినపడుతోంది. ఆ సంగతి షాపులో అందరికీ చెప్పాను. చెప్పి వారమైంది.

నిన్న మాస్టరు నా కుడి మోచేతి దగ్గర నిలబడి ఉన్నాడు. బల్ల చుట్టూ తిరిగి ఎడమపక్కకి వచ్చి "అమ్మా, కాలర్లలోకి బుక్రం గుడ్డ తెప్పించాలి" అన్నాడు.

"ఏమయ్యా, అటునించి వినపడుతుందని చెప్పానా?" అన్నాను.

"చెప్పారమ్మా."

"మరి?"

ఆయన కాసేపు టేపు చుట్టుకున్నాడు. "అక్కణ్ణించి మాట్లాడితే మీతో మాట్లాడినట్టుండట్లేదమ్మా" అన్నాడు. మీ నర్సమ్మ చెప్పిన మాటే. ఆవిడెవరో ఆయనకి తెలియదు.

కాజాల అక్కా ఇటే వస్తోంది. బ్యాంకు మేడమ్ కూడా. మొన్న ఒకాయన మొదటిసారి షాపుకొచ్చాడు, నా సంగతేమీ తెలియనివాడు. గుమ్మంలో నిలబడి కాసేపు అందర్నీ చూశాడు. చూసి, చెప్పులు సర్దుకుని, బల్ల చుట్టూ తిరిగి నా ఎడమపక్కకి వచ్చి నిలబడి, "చొక్కా కుట్టాలండీ" అన్నాడు.

ఆ జవాబు పత్రాలు దాచే ఉంచావా? ఇంటూలు కొట్టేసి అందరికీ పూర్తి మార్కులు వెయ్యి.

అత్త